డైనమోకు నూనె: పోయాలా, వేయాలా, పట్టించాలా?

సందేహం: పాతకాలపు కార్ల సంరక్షణ గురించి తెలుగులో ఒక చిన్న పుస్తకం రాస్తున్నాను. ‘జనరేటర్ బేరింగులకు అప్పుడప్పుడు నూనె పోయాలి’ అని రాస్తే, ఒక మిత్రుడు కొట్టేసి ‘జనరేటర్ ధారకములను స్నేహకముతో స్నిగ్ధీకరించవలెను’ అని దిద్దారు. ఏది ఒప్పు?

సమాధానం: మీ మిత్రుని వాక్యం గొంతు దిగడానికే కాస్త కందెన కావాలి. స్నేహ శబ్దానికి సంస్కృతంలో నూనె, జిడ్డు అనే అర్థాలున్న మాట నిజమే. కానీ చేతిలో స్పానరు పట్టుకున్నవాడికి స్నేహమంటే స్నేహమే. ‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అన్న సామెత ఉన్న భాషలో ఆ మాటకు కరవేమీ లేదు. నూనె, గ్రీజు అన్నింటినీ కలిపి చెప్పవలసినచోట కందెన అనండి, విడిగా చెప్పవలసినచోట ఇంజన్ ఆయిలు, గ్రీజు అనే రాయండి. బేరింగును బేరింగుగానే ఉండనివ్వండి.

అయితే మీ వాక్యమూ నిర్దోషం కాదు. చిక్కంతా ‘పోయాలి’ దగ్గర ఉంది. పోయడంలో ధార ఉంటుంది, ఎంత అన్న లెక్క ఉండదు. మీరు చెబుతున్న యంత్రానికి కావలసినవి చుక్కలు. మీరు జనరేటర్ అన్నది కారు బ్యాటరీని ఛార్జి చేసే డైనమోనే కదా. లూకాస్ కంపెనీ సీ40 వంటి డైనమోల వెనుక మూతలో, బేరింగు గూటికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. పక్కనే ‘ఆయిల్’ అని అచ్చుపోసి ఉంటుంది. అందులో రెండు మూడు చుక్కల ఇంజన్ ఆయిలు పడితే చాలు. మీ మాట నమ్మి ఎవరైనా నిజంగానే పోశారనుకోండి, మిగులు నూనె లోపల తిరిగే కమ్యుటేటర్ (రాగి పట్టీల చక్రం) మీదికి చేరి, దానికి ఆనుకుని కరెంటును బయటికి తెచ్చే బ్రష్షుల నుంచి రాలిన కార్బన్ పొడితో కలిసి నల్లటి ముద్ద అవుతుంది. బ్రష్షులు సరిగా ఆనవు, బ్యాటరీకి ఛార్జింగు తగ్గుతుంది. ఒక క్రియాపదం ఇంత పని చేస్తుంది! కాబట్టి అక్కడ ‘రెండు మూడు చుక్కలు వేయాలి’ అనండి. అంకె కూడా వాక్యంలోనే ఉండాలి, ‘తగినంత’ అని తప్పించుకోకండి.

ఇది వెనుక వైపు సంగతి. పుల్లీ ఉన్న ముందు వైపు సాధారణంగా బాల్ బేరింగు ఉంటుంది. దానికి చుక్కలతో పని లేదు, డైనమోను విప్పి బాగుచేసేటప్పుడు వేడికి కరిగి కారిపోని గ్రీజు కావాలి. ఇక్కడ ‘రాయాలి’ అని రాసేవారు ఎక్కువ. రాస్తే పైపైన అంటుతుంది. ఒంటికి నూనె రాయడానికీ పట్టించడానికీ ఉన్న తేడాయే ఇక్కడా ఉంది. గ్రీజు గుండ్ల సందుల్లోకి దిగాలి కనుక ‘పట్టించాలి’ అన్నదే సరైన మాట. మరికొన్ని పాత డైనమోలలో రంధ్రానికి బదులు మర టోపీ, దాని కింద ఫెల్టు (ఒత్తిన ఉన్ని) ముక్క ఉంటాయి. ఆ టోపీని విప్పి ‘గ్రీజు నింపాలి’ అనకండి. దాన్ని నింపవలసింది సగం వరకే.

ఇక ‘జనరేటర్’. తప్పేమీ కాదు గానీ, ఆ మాట వినగానే చాలామందికి కరెంటు పోయినప్పుడు నడిపే యంత్రం గుర్తుకు వస్తుంది. ఆల్టర్నేటర్లు రాకముందు కార్లలో ఉన్నదానికి ‘డైనమో’ అన్నదే మెకానిక్కుల నోట నలిగిన మాట. అలాగే వెనుక వైపున ఉండేది చాలావరకు గుండ్లు లేని కంచు బుష్షు కనుక, దాన్ని ‘బుష్షు’ అనే పేర్కొంటే పాఠకుడు అక్కడ గుండ్ల కోసం వెతకడు.

బుష్షు అరిగితే కొత్తది వేసే పద్ధతి కూడా రాస్తారు కదా. అది సూక్ష్మరంధ్రాలున్న కంచు. బిగించే ముందు ఒక రోజంతా ఇంజన్ ఆయిలులో ఉంచితే నూనెను లోపలికి పీల్చుకుంటుంది. దానికి ‘ముంచాలి’ చాలదు, ముంచి తీసినా ముంచినట్టే కదా! ‘నానబెట్టాలి’ అనండి. నానడం నీళ్లలోనే జరగాలన్న నియమమేదీ తెలుగులో లేదు.