నెట్‌వర్క్స్ సబ్జెక్టు మొదలుపెట్టిన మేనకోడలికి

అమ్మలూ,

ఈ సెమిస్టర్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ వచ్చిందనీ, మొదటి వారంలోనే ఏడు లేయర్ల పేర్లు బట్టీపట్టి టెన్షన్ పడుతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ ఒక్క సబ్జెక్టులో నీకు సలహా చెప్పే చనువు తీసుకుంటున్నాను. మిగతావాటిలో నువ్వే నాకు చెప్పాలి.

ఆ ఏడు లేయర్లూ ఒక్క సాయంత్రం కూర్చుని నేర్చేసుకో, పరీక్షలో ఎలాగూ అడుగుతారు. అక్కడే ఆగిపోకు. నెట్‌వర్క్ పనిని ఆ ఏడు అంచెలుగా విడగొట్టే ఓఎస్ఐ నమూనా ప్రమాణంగా వెలువడింది 1984లో. అంతకు ముందే, 1983 జనవరి 1న, ఇంటర్నెట్‌కి ముందుతరం నెట్‌వర్క్ అయిన ఆర్పానెట్, కంప్యూటర్లు మాట్లాడుకునే నియమాల జత టీసీపీ ఐపీకి మారిపోయింది. నీ ఫోన్‌లో ఇవాళ నడుస్తున్నది అదే. సెషన్ లేయరూ ప్రెజెంటేషన్ లేయరూ విడివిడిగా ఎక్కడున్నాయో చూపించమంటే పాఠం చెప్పేవాళ్లే తడుముకుంటారు, నీకు అర్థం కాలేదని బాధపడకు.

దాని బదులు ఒక పని చెయ్యి. భీమవరం హాస్టల్లో నీ ల్యాప్‌టాప్ మీద ఒక వెబ్ పేజీ తెరిస్తే మొదటి నుంచి చివరిదాకా ఏం జరుగుతుందో తెల్లకాగితం మీద వరసగా రాయి. ల్యాప్‌టాప్‌కి ఐపీ అడ్రస్ ఎవరిచ్చారు? సైట్ పేరుని నంబరుగా ఎవరు మార్చారు? రౌటర్ మ్యాక్ అడ్రస్, అంటే దాని నెట్‌వర్క్ కార్డు నంబరు, ఎలా తెలిసింది? 192.168తో మొదలయ్యే నీ అడ్రస్ బయట ఎక్కడా చెల్లదు కదా, మరి జవాబు తిరిగి నీ దగ్గరికే ఎలా వచ్చింది? మొదటిసారి కాగితంలో సగం ఖాళీలే ఉంటాయి. ఉండనీ. ఒక్కో యూనిట్ అయ్యాక కొత్త కాగితం తీసుకుని మళ్లీ మొదటినుంచి రాయి. సిలబస్‌లో చాలాభాగం ఆ ఒక్క పేజీ తెరుచుకోవడంలోనే ఉంది.

రాసింది నిజమో కాదో చూసుకోవడానికి, వచ్చీపోయే డేటా ముక్కల్ని (ప్యాకెట్లని) చూపించే వైర్‌షార్క్ ఉంది, ఉచితమే. నీ ల్యాప్‌టాప్‌లో వచ్చీపోయేవే చూడు, పక్క గది పిల్లల వైఫై జోలికి వెళ్లకు. సైట్ పేర్లకి నంబర్లు దాచిపెట్టుకునే డీఎన్ఎస్ క్యాష్ ఖాళీ చేసి అప్పుడు పేజీ తెరువు, లేకపోతే పేరు అడిగిన ప్యాకెట్ అసలు కనబడకపోవచ్చు. పుస్తకంలో చెప్పిన, టీసీపీ కనెక్షన్ మొదట్లో మూడు విడతల్లో జరిగే హ్యాండ్‌షేక్ కొన్ని సైట్లకి కనబడదు. అవి టీసీపీ మానేసి క్విక్ అనే ప్రోటోకాల్ వాడుతున్నాయి, అది యూడీపీ అనే, హ్యాండ్‌షేక్ లేని తేలిక పద్ధతి మీద నడుస్తుంది. అలాగే దారిలోని రౌటర్లని వరసగా చూపే ట్రేస్‌రూట్‌లో మధ్యమధ్య చుక్కలు (*) వస్తే ఆ రౌటర్ చచ్చిపోయిందనుకోకు, జవాబు చెప్పదలచుకోలేదంతే.

ఆలస్యాల లెక్కలు ఉంటాయి చూడు, వాటిని ఫార్ములాలుగా చదవకు. గాజు తీగలో వెలుగు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్‌కి కేబుల్ 400 కిలోమీటర్లు అనుకో. పోవడానికి 2 మిల్లీసెకన్లు, రావడానికి 2. అక్కడి సర్వర్‌కి పింగ్ (పోయి వచ్చే సమయం కొలిచే ఆదేశం) కొడితే 40 మిల్లీసెకన్లు చూపిస్తోందనుకో. మిగతా 36 ఎక్కడ పోయాయి? ఏ క్యూలో నిలబడ్డాయి, ఏ ఊరు చుట్టి వచ్చాయి? ఈ ప్రశ్నతో ఆ యూనిట్ చదివితే మర్చిపోవు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది కంజెషన్ కంట్రోల్, అంటే దారిలో రద్దీ అదుపు. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ లేబొరేటరీకీ, పక్కనే ఉన్న బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య వేగం సెకనుకి 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. తీగ తెగలేదు. జవాబు ఆలస్యమైతే ప్యాకెట్ పోయిందనుకుని అందరూ మళ్లీ మళ్లీ పంపి దారిని వాళ్లే ముంచేశారు. దీనికి విరుగుడు చెబుతూ 1988లో వాన్ జేకబ్సన్ పేపర్ రాశాడు, దొరికితే చదువు.

మన కాలవల సంగతి నీకు తెలుసు. దాళ్వాకి (రెండో పంటకి) నీళ్లు చాలకపోతే వంతులు పెడతారు, కాలవ కాసే లస్కర్ వచ్చి పై తూములు దించితేగానీ శివారు చేలకి నీళ్లందవు. ఇంటర్నెట్‌లో ఆ లస్కర్ లేడు. క్యూ నిండితే రౌటర్ ప్యాకెట్‌ని పారేస్తుంది, మామూలుగా ఆ సంగతి ఎవరికీ చెప్పదు కూడా. పంపినవాడే ఊహించి తనంతట తాను తగ్గించుకోవాలి. పై రైతు తన తూము తానే దించుకోవడం నేనైతే చూడలేదు. టీసీపీ మాత్రం ఆ పని కోట్ల మిషన్ల చేత చేయిస్తోంది. విండో, అంటే జవాబు రాకముందే పంపగలిగే ప్యాకెట్ల లెక్క, రెట్టింపవుతూ పెరగడం, ఒక హద్దు దాటాక ఒక్కొక్కటిగా పెరగడం, ప్యాకెట్ పోతే సగానికి పడడం, ఈ గ్రాఫ్ నీ చేత్తో నువ్వు గియ్యి. గైడులో బొమ్మ చూసి అర్థమైందనుకోకు.

రౌటింగ్‌లో, అంటే ప్యాకెట్‌కి దారి ఎంచడంలో, పుస్తకాలన్నీ అన్ని లింకులూ బాగున్నప్పటి టేబుళ్లే వేయిస్తాయి. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో స్తంభాలు వరసగా ఒరిగిపోవడం చూసినవాడికి అది సగం లెక్కే. లెక్క పూర్తయ్యాక ఒక లింకు తెంపి మళ్లీ చెయ్యి. పక్క రౌటర్లు చెప్పిన దూరాల్నే నమ్మే డిస్టెన్స్ వెక్టర్ పద్ధతిలో చెడు కబురు ఎంత నెమ్మదిగా పాకుతుందో, ఆ పద్ధతిలోనే నడిచే రిప్ ప్రోటోకాల్‌లో దూరం 16 అంటే ఇక దారి లేదని ఎందుకు పెట్టుకున్నారో అప్పుడు తెలుస్తుంది.

సబ్‌నెట్టింగ్‌కి, అంటే అడ్రసుల్ని చిన్న నెట్‌వర్క్‌లుగా విడగొట్టడానికి, తెలివి అక్కర్లేదు, చెయ్యి తిరగాలి. 2, 4, 8, 16 అలా రెండు యొక్క ఘాతాలు 256 దాకా నోటికి రావాలి. స్లాష్ 26 (32 బిట్లలో 26 నెట్‌వర్క్‌వి) అనగానే 64 అడ్రసులు, వాడుకోవడానికి 62 అని వెంటనే చెప్పగలగాలి. రోజూ అన్నం తిన్నాక రెండు లెక్కలు చెయ్యి, చాలు.

పండక్కి అమలాపురం వచ్చేటప్పుడు నెట్‌వర్క్ కేబుల్ కొసకి బిగించే ఆర్జే 45 కనెక్టర్లు ఓ పది కొనుక్కురా. క్రింపింగ్ టూలూ, మిగిలిపోయిన కేబులూ నా దగ్గరున్నాయి. తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. కేబుల్‌లోని ఎనిమిది తీగల రంగుల వరస ఇది, నేర్చుకునిరా. మొదటి రెండు కనెక్టర్లు ఎలాగూ పాడవుతాయి, అందుకే పది అన్నాను.

ఆశీస్సులతో,
మీ మావయ్య