దాదూ జిల్లా అన్నతో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నాను, అందుకే ఈ జవాబు

"పాకిస్తాన్‌లో సింధ్ పల్లె జిల్లాల జనం ఎలా ఉంటారు? మన కలెక్టర్, తహసీల్దార్ లాంటి వ్యవస్థ అక్కడ కూడా ఉందా?" అని అడిగారు. నేను సింధ్ వెళ్ళలేదు. కానీ 2019 నుంచి 2023 దాకా దుబాయ్‌లో నా పై మంచం మీద పడుకున్న మనిషిది దాదూ జిల్లా. ఆయన ద్వారా నాకు తెలిసినంత, పుస్తకాలు చదివి చెప్పేవాళ్ళకు కూడా తెలియదని నా నమ్మకం.

మొదటి రోజు ఊరేదని అడిగితే "హైదరాబాద్ వైపు" అన్నాడు. మాది జగిత్యాల జిల్లా, గోదావరి ఒడ్డు. మనవాడే దొరికాడని సంబరపడి హైదరాబాద్‌లో ఎక్కడ అని అడిగాను. ఆయన ఫోన్లో మ్యాప్ తీసి సింధు నది చూపించాడు. సింధ్‌లోనూ ఒక హైదరాబాద్ ఉందని, దాదూ జిల్లా ఆ హైదరాబాద్ డివిజన్ కిందికే వస్తుందని అప్పుడే తెలిసింది. ఆ రోజు నుంచి గదిలో అందరం ఆయన్ని "అదా" అని పిలిచాం. సింధీలో అదా అంటే అన్న.

మన టీవీ వాళ్ళ మీద నాకు చాలా కోపం ఉంది. పాకిస్తాన్ అనగానే అందరూ ఉర్దూ మాట్లాడే ఒకే రకం మనుషులన్నట్టు చూపిస్తారు. అదా ఇంట్లో ఉర్దూ ముక్క వినిపించేది కాదు. వాళ్ళ బడి చదువు సింధీలో. వాళ్ళ లిపిలో 52 అక్షరాలున్నాయని, అందులో కొన్ని శబ్దాలు ఉర్దూ వాళ్ళకు నోరు తిరగవని గర్వంగా చెప్పేవాడు. తెలుగులో "ళ", "ణ" పలికించి, ణ మాకూ ఉందని మురిసిపోయాడు. వాళ్ళమ్మ కుట్టిన రల్లీ ఒకటి ఆయన మంచం మీద ఎప్పుడూ ఉండేది. పాత గుడ్డ ముక్కలు కలిపి కుట్టిన దుప్పటి. మా అవ్వ కుట్టే బొంతకూ దానికీ తేడా రంగుల్లోనే.

ఇక పాలన. జిల్లాకు పెద్ద డిప్యూటీ కమిషనర్. మన కలెక్టర్ లాగే ఆయన్నీ ప్రభుత్వమే నియమిస్తుంది. తాలూకాకు అసిస్టెంట్ కమిషనర్ ఉంటాడు. భూమి లెక్కలు చూసే తహసీల్దార్‌ను సింధ్‌లో ముఖ్తియార్కార్ అంటారు. ఆయన కింద ఊరి లెక్కలు రాసేవాడు తపేదార్, అంటే మన పాత పట్వారీ. దాదూలో నాలుగు తాలూకాలు: దాదూ, మేహర్, జోహీ, ఖైర్‌పూర్ నాథన్ షా. సెహ్వాన్ కూడా ఒకప్పుడు ఇందులోనే ఉండేది. 2004లో జామ్‌షోరో జిల్లా చేసినప్పుడు అటు పోయింది. మాకు 2016లో కరీంనగర్‌ను విడదీసినట్టే అనుకోండి.

ఇదంతా కాగితం మీద మాట. అదా తన నలభై ఏళ్ళలో డిప్యూటీ కమిషనర్‌ను దగ్గరగా చూసింది ఒక్కసారి, అదీ కారు అద్దంలోంచి. వాళ్ళ గోఠ్‌లో, గోఠ్ అంటే పల్లె, పోలీస్ స్టేషన్ పని ఉన్నా, పిల్ల పెళ్ళికి అప్పు కావాలన్నా ముందు వడేరో దగ్గరికి పోవాలి. ఆయన ఓతాక్‌లో, అంటే మగవాళ్ళు కూర్చునే బయటి చావడిలో, చేతులు కట్టుకుని నిలబడాలి. వడేరో అన్న మాట అదా వివరించబోతే నేనే ఆపాను. "దొర" అన్నాను. మా తాత దొర గడీ ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడని మా నాన్న చెప్పేవాడు. అదా వాళ్ళ నాన్న హారీ, అంటే దొర భూమిని పాలుకు చేసే రైతు. పంటలో సగం దొరకు పోతుంది. మిగిలిన సగంలోంచి విత్తనాల అప్పు, ఎరువుల అప్పు కోసుకుంటారు. ఆ లెక్క దొర మనిషే రాస్తాడు, హారీకి చదువు రాదు.

హారీల కోసం అక్కడ పోరాటం జరగలేదనుకోకండి. హైదర్ బఖ్ష్ జతోయీ అనే ఆయన డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం వదిలేసి హారీల ఉద్యమంలోకి వచ్చాడు. వాళ్ళ ఒత్తిడి వల్లే 1950లో సింధ్ కౌలు చట్టం వచ్చింది. మన దగ్గర తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తున్న రోజులే అవి. ఇక్కడ చాలామంది దొరలు చివరికి ఊళ్ళు విడిచి పట్నం పోయారు. అక్కడ చట్టం వచ్చింది కానీ దొర ఊళ్ళోనే ఉన్నాడు, ఎన్నికల్లో నిలబడి గెలిచాడు కూడా. మనకూ వాళ్ళకూ ఉన్న అసలు తేడా ఇదొక్కటేనని నేను గట్టిగా అనుకుంటాను.

నన్నడిగితే, ఏ జిల్లాలోనైనా పాలన ఎవరి చేతిలో ఉందో తెలియాలంటే వరద వచ్చిన రోజు కట్ట ఎక్కడ తెంపారో చూడాలి. ఇది నాకు 2022లో అర్థమైంది.

ఆ ఏడు జూలైలో ముందు మాకే భయం పట్టింది. కడెం ప్రాజెక్టు తెగిపోతుందని వార్తలొచ్చాయి. కింద గోదావరి ఒడ్డునే మా ఇల్లు. రాత్రంతా నాతో పాటు అదా మేలుకుని చాయ్ పెట్టిచ్చాడు. కడెం నిలబడింది. నెలన్నర తిరగలేదు, వాళ్ళ వంతు వచ్చింది.

వాళ్ళ గోఠ్ జోహీ తాలూకాలో కాఛో అనే మెట్ట ప్రాంతంలో ఉంది. పడమట కీర్థర్ కొండలు. వానాకాలంలో కొండవాగు గాజ్ పారితేనే అక్కడ పంట, లేకపోతే వలస. ఆగస్టులో కొండల నీళ్ళన్నీ ఒకేసారి దిగాయి, ఉత్తరం నుంచి ఇంకో వరద వచ్చి కలిసింది. ఖైర్‌పూర్ నాథన్ షా పట్నం మునిగిపోయింది. 2010లోనూ అది మునిగింది. అదా తమ్ముడు అమ్మను, పిల్లలను ట్రాక్టర్ ఎక్కించి జోహీ పట్నానికి తీసుకొచ్చాడు. గేదెలు రాలేదు.

జోహీ మిగిలిందంటే అక్కడి జనం వల్లే. 2010లో ఎలా కాపాడుకున్నారో మళ్ళీ అలాగే ఊరి చుట్టూ వాళ్ళంతట వాళ్ళే మట్టికట్ట వేసుకున్నారు. ఊరు దీవి అయిపోయింది. ఓ రాత్రి రెండు గంటలకు తమ్ముడు వీడియో కాల్ చేశాడు. టార్చి వెలుతురులో ఒక పక్క నల్లటి నీళ్ళు, ఇంకో పక్క వీధి. నీళ్ళే వీధికంటే ఎత్తులో ఉన్నాయి. పదేళ్ళ పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా సంచుల్లో మట్టి నింపుతున్నారు. ఎవరో బడి బెంచీలు తెచ్చి అడ్డం వేస్తున్నారు. ఆఫీసర్లు ఎవరైనా వచ్చారా అని అదా అడిగితే తమ్ముడు జవాబు చెప్పలేదు, ఫోన్ తిప్పి మళ్ళీ ఆ జనాన్నే చూపించాడు. తర్వాత సిగ్నల్ పోయింది. రెండు రోజులు రాలేదు. అదా డ్యూటీకి పోలేదు, మంచం మీద రల్లీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కంపెనీ వాడు ఆ రెండు రోజుల జీతం కోశాడు. మా అమ్మ జగిత్యాల నుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ ముందు అడిగిన మాట, "వాళ్ళమ్మ దొరికిందా?"

సెప్టెంబర్ 4న, వరద నీళ్ళతో నిండిన మంచర్ సరస్సు కట్టను అధికారులే తెంపారు. సెహ్వాన్, భాన్ సయీదాబాద్ లాంటి ఊళ్ళను కాపాడటానికని చెప్పారు. ఆ నీళ్ళు జామ్‌షోరో జిల్లా పల్లెల మీద పడ్డాయి. పట్నాలను కాపాడాలంటే తప్పదేమో, నేను ఇంజనీర్ను కాను. కానీ ఏ వరదలోనైనా పెద్దల పొలాలు వదిలి పేదల గోఠ్‌ల మీదికే నీళ్ళు మళ్ళుతాయని అక్కడి జనం గట్టిగా నమ్ముతారు. ఆ రాత్రి అదా కూడా అదే అన్నాడు.

మూడో రోజు తమ్ముడు ఫోన్ చేశాడు. అందరూ క్షేమం. కట్ట ఆగింది. అదా ముఖం కడుక్కుని వచ్చి అన్నం తిన్నాడు.

వరద సాయం సంగతి కూడా చెప్పాలి. మాజీ ప్రధాని బేనజీర్ భుట్టో పేరుతో 2008 నుంచి ఒక పథకం ఉంది. డబ్బు ఇంట్లో ఆడవాళ్ళ చేతికే ఇస్తారు, అది నాకు బాగా నచ్చింది. వరద బాధితులకు 25,000 రూపాయలు ఇచ్చారు. అదా వాళ్ళమ్మ వేలిముద్ర పడలేదు. జీవితమంతా గడ్డి కోసిన వేళ్ళు, మిషన్ గుర్తుపట్టలేదు. నాలుగోసారికి పడింది. ఆధార్ మిషన్ దగ్గర మా అవ్వకూ ఇదే జరిగింది. మా నాన్న పేరులో ఒక అక్షరం తప్పు పడితే పాస్‌బుక్ కోసం మూడేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. దేశాలు వేరైనా పేదవాడు తిరిగే తిరుగుడు ఇంత ఒకేలా ఎందుకుండాలి? నాకు ఇప్పటికీ మండిపోతుంది.

తర్వాత సింధ్ ప్రభుత్వం 21 లక్షల ఇళ్ళ పథకం మొదలుపెట్టింది. ఇంటికి 3 లక్షల రూపాయలు, విడతలుగా. వీళ్ళకో చిక్కు వచ్చింది. కూలిన ఇల్లు వాళ్ళదే కానీ, ఇల్లున్న నేల వడేరోది. తాతల నుంచి అక్కడే ఉంటున్నా కాగితం లేదు. ఆ పథకంలో ఇంటి స్థలం పట్టా ఆడవాళ్ళ పేరున ఇస్తామన్నారు కాబట్టి అదా భార్య తపేదార్ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఆడమనిషి ఒంటరిగా ఆఫీసు మెట్లెక్కడం అదే మొదలు. దుబాయ్‌లో ఉండి అదా ఫోన్లో ఆమెకు ఏం మాట్లాడాలో నేర్పేవాడు. కొన్నాళ్ళకు ఆమే ఈయనకు చెప్పడం మొదలుపెట్టింది, ఏ కాగితానికి ఏ సంతకం కావాలో.

నేను 2023 చివర్లో వచ్చేశాను. వచ్చేటప్పుడు అదా తన రల్లీ మడిచి నా పెట్టెలో పెట్టాడు, వద్దన్నా వినలేదు. నిరుడు ఫోటో పంపాడు. ఒకే గది, పునాది నడుము ఎత్తున లేపారు. తలుపు పక్కన వాళ్ళమ్మ నులకమంచం మీద కూర్చుని ఉంది, కింద పరిచింది కొత్త రల్లీ. పట్టా వచ్చిందా అని అడిగాను. ఇంకా రాలేదు, వచ్చే వారం మళ్ళీ రమ్మన్నారట.