చికిత్స మొదలైందని చదువు మాన్పించాలా?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. నెల్లూరులో హాస్టల్లో ఉండి బీటెక్ రెండో సంవత్సరం చదువుతోంది. స్నేహితురాలు రెండు రోజులు మాట్లాడకపోయినా తట్టుకోలేక చేయి కోసుకుంటోంది. బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని డాక్టరు గారు చెప్పారు. చదువు మాన్పించి, నయమయ్యాక పెళ్లి చేసేయమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చదువు మాన్పించకండి. ఈ రుగ్మతతో ఉన్నవారిని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులకు తేలిందేమిటంటే, చేయి కోసుకోవడం, ఉన్నట్టుండి కోపమో దిగులో ముంచుకురావడం వంటి లక్షణాలు కాలక్రమంలో చాలామందిలో తగ్గుతాయి గానీ, దెబ్బతిన్న చదువూ ఉద్యోగమూ అంత తేలిగ్గా కోలుకోవు. అందుకే నయమయ్యాక చదివిద్దామని ఆగడం కంటే, చికిత్సనూ చదువునూ కలిపి నడిపించడమే మేలు.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఆండ్రూ చానెన్ బృందం ‘హైప్’ అనే పేరుతో 15 నుంచి 25 ఏళ్లవారికి ఈ రుగ్మత తొలిదశలోనే సేవలందిస్తోంది. అక్కడ 139 మందిపై జరిగిన అధ్యయనంలో, ప్రత్యేక మానసిక చికిత్స పొందినవారికీ, దానికి బదులు క్రమమైన వైద్యసేవలతో పాటు స్నేహంగా మాట్లాడే మనిషి తోడు మాత్రమే దొరికినవారికీ ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అన్ని వర్గాలవారూ మెరుగుపడ్డారు. కాబట్టి పేరున్న క్లినిక్కుల కోసం మహానగరాలు తిరగలేకపోతున్నామని మీరు కుంగిపోనక్కర్లేదు. నెల్లూరులో చూస్తున్న డాక్టరు గారి దగ్గరికే వాయిదా తప్పకుండా తీసుకెళ్లండి. ఈ రుగ్మతకంటూ ప్రత్యేకమైన మందు లేదు, మాటలతో సాగే చికిత్సే ప్రధానం. అలాగని ఆయన రాసిన మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు. మాత్రలు మీ దగ్గరే భద్రపరచండి. ప్రాణం తీసుకుంటానన్న మాట వస్తే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అయిన టెలి మానస్ వారు 14416 నంబరులో రాత్రింబవళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

దగ్గరివాళ్లు వదిలేస్తారేమోనన్న భయంతో అల్లాడుతున్న పిల్లను పెళ్లి పేరుతో ముక్కూమొహం తెలియని ఇంటికి పంపడం ఆమెకు అన్యాయమని నా గట్టి నమ్మకం. బంధువులకు ఆ మాట మీరే చెప్పాలి.

ఇక కాలేజీ సంగతి. హాస్టల్ గొడవలే ఎక్కువగా కుదిపేస్తుంటే, ఆమె ఇష్టపడితే ఈ ఒక్క ఏడాది ఇంటి నుంచే పంపండి. కావలి నుంచి నెల్లూరుకు రోజూ రైల్లో వెళ్లి చదువుకునే పిల్లలు ఎంతోమంది ఉన్నారు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి గట్టెక్కాలని పట్టుబట్టకండి, మిగిలినవి సప్లిమెంటరీలో రాసుకోవచ్చు. హాజరు 75 శాతానికి తగ్గినా 65కు పైన ఉంటే, వైద్య కారణాలపై కండోనేషన్ (హాజరు లోటును మన్నించడం) ఇచ్చే నిబంధన జేఎన్‌టీయూ కాలేజీల్లో ఉంది. అందుకు డాక్టరు గారి ఉత్తరం కావాలి. అందులో రుగ్మత పేరు లేకుండా, చికిత్సలో ఉందని మాత్రమే రాయమని అడగండి. వైద్య వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆమెకు ఇచ్చింది. కనుక ఆ ఉత్తరం కాలేజీలో ఎవరి చేతికివ్వాలో ముందుగా మీ అమ్మాయినే అడగండి.