తరగతిలో ఒకరికి కోవిడ్ వస్తే పిల్లవాడిని పది రోజులు ఇంట్లో ఉంచాలా?

మీరు అడిగింది ఇది: ఇంగ్లండ్ వచ్చి ఆరు నెలలే అయింది, బాబు తరగతిలో ఒక పిల్లకు కోవిడ్ అని తెలిసింది, పది రోజులు బడి మాన్పించాలనీ, చెల్లెలిని కూడా ఆపాలనీ తెలిసినవాళ్లు చెబుతున్నారు, నిజమేనా?

ముందు జవాబు, తర్వాత కథ. అక్కర్లేదు. బాబు హుషారుగా ఉంటే రేపు ఉదయం బడికి పంపండి. పాపనూ పంపండి. ఇంట్లో ఒకరికి కోవిడ్ ఉన్నా సరే, బాగున్న పిల్లలు ఎప్పటిలాగే బడికి వెళ్లాలన్నదే ఇప్పటి సూచన. ఇంకో మాట, ఈ రోజుల్లో పంపకపోతేనే ఇబ్బంది. ఒంట్లో బాగున్న పిల్లవాడిని భయంతో ఇంట్లో ఉంచితే బడి దాన్ని అనుమతి లేని గైర్హాజరుగా రాసుకోవచ్చు. బడి నడిచే పది వారాల్లో అలాంటివి ఐదు రోజులకు చేరితే జరిమానా దాకా వెళ్లవచ్చు. 2024 ఆగస్టు నుంచి అది ఒక్కో బిడ్డకు తల్లికి 80 పౌండ్లు, తండ్రికి 80 పౌండ్లు. 21 రోజుల్లో కట్టకపోతే 160.

అలాగని మీకు చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లు 2021లో ఆగిపోయారు, అంతే. ఆ పది రోజులు మా ఇంట్లో గడిచాయి కాబట్టి అవి ఎక్కడి నుంచి వచ్చాయో, అప్పుడు కూడా జనం వాటిని ఎలా తప్పుగా అర్థం చేసుకున్నారో చెబుతాను. చెల్లెలిని ఆపాలన్న మాట ఆ రోజుల్లోనూ తప్పే.

మేము రెడింగ్‌లో ఉంటాం. అప్పటికి మా వాడు ఇయర్ 1, అంటే ఇక్కడి ఒకటో తరగతి, వాడి అక్క ఇయర్ 5. నేను ఇంటి నుంచి పని చేసేవాడిని. మా ఆవిడ ఆసుపత్రిలో ఫార్మసిస్టు, ఆ పని ఇంట్లో కూర్చుని చేసేది కాదు. 2021 జూన్ 29, మంగళవారం. వెంబ్లీలో ఇంగ్లండ్, జర్మనీ ఫుట్‌బాల్ ఆడుతున్నాయి. రెండో గోలుకు పక్కింటివాళ్లు గోడ అదిరేలా కేకలు వేస్తుంటే నా ఫోనులో బడి నుంచి ఉత్తరం దిగింది. మీ బిడ్డ బబుల్‌లో ఒకరికి కోవిడ్ నిర్ధారణ అయింది, జూలై 9 వరకు ఇంట్లోనే ఉంచండి అని.

బబుల్ అంటే మీకు తెలియకపోవచ్చు. 2020 సెప్టెంబరులో బడులు అందరికీ తెరిచినప్పుడు పిల్లలను గుంపులుగా విడదీశారు. మా బడిలో ఒక తరగతి ఒక గుంపు. పెద్ద బడుల్లో ఇయర్ మొత్తం కలిపి ఒక గుంపు. ఒక గుంపు మరో గుంపుతో కలవకుండా భోజనాల వేళలు వేరు, కొన్నిచోట్ల గేట్లు కూడా వేరు. ఎవరికైనా వస్తే ఆ గుంపు ఇంటికి వెళ్లిపోతుంది, మిగతా బడి నడుస్తుంది. గేటు దగ్గర తల్లుల మాటల్లో "ఇయర్ 3 బుడగ పగిలిందట" అని వినిపించేది. ఆ సాయంత్రం మా వాడి బుడగ పగిలింది, ముప్పై మందితో సహా.

ఉత్తరం చూడగానే నేను చేసిన పనులు రెండు, రెండూ తప్పే. పాపను రేపు బడికి వెళ్లవద్దన్నాను. మా ఆవిడను డ్యూటీకి సెలవు పెట్టమన్నాను. మర్నాడు బడి ఆఫీసుకు ఫోను చేస్తే అక్కడి ఆవిడ కూడా "ఎందుకైనా మంచిది, అక్కను కూడా ఉంచండి" అంది. ఆ "ఎందుకైనా మంచిది" అన్న మాట అప్పట్లో ఎంతమంది పిల్లల చదువు తిన్నదో.

నా భయానికి కారణం ఉంది. ఆ మే నెలలోనే గుంటూరులో మా పెదనాన్న పోయారు. ఆక్సిజన్ మంచం దొరికేసరికి ఆలస్యమైంది. అంత్యక్రియలు ఫోను తెర మీద చూశాం. ఏప్రిల్ 23 నుంచి భారతదేశం ఇక్కడి రెడ్ లిస్టులో, అంటే రాకపోకలకు గట్టి ఆంక్షలున్న దేశాల జాబితాలో ఉంది, మేము వెళ్లలేం, అమ్మ రాలేదు. బడి ఉత్తరంలో "కోవిడ్" అన్న మాట కనిపిస్తే మా ఇంట్లో ఎవరూ మామూలు మనుషుల్లా ఆలోచించే స్థితిలో లేరు.

మా ఆవిడ తప్ప. తను రాత్రి కూర్చుని ప్రభుత్వం పెట్టిన నియమాలు మొదటి నుంచి చివరి దాకా చదివింది. అందులో ఉన్నది ఇదీ. కోవిడ్ వచ్చిన పిల్లతో కలిసి తిరిగినవాడు మా వాడు. ఇంట్లో ఉండాల్సింది వాడు. వాడితో కలిసి ఉన్న మేము ఆ పిల్లను కలిసినవాళ్లం కాదు. వాడికి జ్వరం గానీ, ఆగని కొత్త దగ్గు గానీ, రుచీ వాసనా పోవడం గానీ మొదలైతేనే ఇల్లంతా ఆగాలి. అప్పటి దాకా అక్క బడికి, అమ్మ పనికి. మర్నాడు తన పై అధికారిని అడిగితే అక్కడా అదే చెప్పారు. పాపకు బుధవారం ఒక్కరోజు బడి పోయింది, అది నా ఖాతాలో రాసుకోండి.

తర్వాత తేదీ. ఆ పిల్ల మంగళవారం బడికి రాలేదని మా వాడు చెప్పాడు, ఇద్దరిదీ ఒకటే బల్ల. అంటే ఆఖరిసారి కలిసింది సోమవారం, జూన్ 28. లెక్క మొదలయ్యేది ఆ రోజు నుంచి. ఉత్తరం వచ్చిన రోజుకూ దీనికీ సంబంధం లేదు. కలిసిన రోజు సున్నా, ఆపైన నిండుగా పది రోజులు. జూలై 8తో అయిపోవాలి, బడి 9 అని రాసింది. అమ్మకు ఫోనులో ఇదంతా చెబితే ఆవిడకు కలిసిన రోజును సున్నా అనడం అసలు మింగుడుపడలేదు. మన లెక్కలో బిడ్డ పుట్టిన రోజే ఒకటో రోజు, అలా లెక్కేసుకునే పదకొండో రోజు బారసాల చేస్తాం. "రోజు గడిచాక సున్నా ఎలా అవుతుందిరా?" అంది.

ఒక్క రోజు తేడాకు ఇంత పట్టుదల ఎందుకు అంటారా? 9వ తేదీ శుక్రవారం ఆటల పోటీలు. వాడు నెల రోజులుగా వంటింట్లో చెంచాలో బంగాళాదుంప పెట్టుకుని అటూ ఇటూ నడుస్తున్నాడు. బడికి మర్యాదగా ఒక ఉత్తరం రాశాను, హాజరు పట్టీ చూడమన్నాను. మధ్యాహ్నానికల్లా క్షమించమంటూ కొత్త తేదీతో తల్లిదండ్రులందరికీ జవాబు వచ్చింది.

ఇక ఆరేళ్లవాడిని ఇంట్లో ఉంచడం. నియమం ప్రకారం గుమ్మం దాటకూడదు. పార్కు లేదు, దుకాణం లేదు, పెరటి తోట ఉంటే అందులో మాత్రం తిరగవచ్చు. మాకు పెరడు ఉంది. బ్లాకు ఫ్లాటులో నలుగురు పిల్లలతో ఉన్నవాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఇంట్లో మిగతావాళ్లకు వీలైనంత దూరంగా ఉంచాలని కూడా రాసి ఉంది. రాసినవాళ్ల ఇంట్లో ఆరేళ్ల పిల్లలు లేరేమో. మా వాడు రాత్రి పదకొండు దాకా తన గదిలో, తర్వాత మా ఇద్దరి మధ్యలో. మేము చేయగలిగింది కిటికీలు తీసి ఉంచడం, చేతులు కడిగించడం, అంతే.

ఐదో రోజు, శనివారం, వాడి నుదురు కాలింది. 38.2, మన లెక్కలో దాదాపు 101. ఆ క్షణం నుంచి ఇల్లంతా ఆగిపోయింది, మా ఆవిడ వారాంతపు డ్యూటీతో సహా. కారు పార్కింగులో పెట్టిన పరీక్షా కేంద్రానికి వెళ్లాం. కిటికీ సందులోంచి సంచి ఇస్తారు, పన్నెండేళ్ల లోపు పిల్లలకు పుల్ల మనమే పెట్టాలి. గొంతులో రెండు వైపులా రుద్ది, అదే పుల్ల ముక్కులో తిప్పాలి. గొంతులో పెట్టగానే వాడు నా వేలు కొరికాడు. కారు వెనక సీటులో నేను, వాడు, ఫోను లైటు పట్టుకున్న వాళ్లమ్మ. బయట నిలబడ్డ కుర్రాడు మర్యాదగా అటు తిరిగాడు.

ఆదివారం ఉదయం సందేశం వచ్చింది, నెగెటివ్. మాకు ముగ్గురికీ ఆ నిమిషమే విడుదల. వాడికి కాదు. "నెగెటివ్ అంటే లేదనే కదా నాన్నా?" అని వాడి ప్రశ్న. సరైన ప్రశ్నే. కానీ పరీక్ష చెప్పేది ఆ శనివారం మధ్యాహ్నం సంగతి మాత్రమే. వైరస్ లోపలికి వెళ్లిన తర్వాత బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది, ఈ రోజు లేనిది ఎల్లుండి కనిపించవచ్చు. అందుకే కలిసినవాడికి పరీక్ష ఎలా వచ్చినా పది రోజులు పూర్తి చేయాల్సిందే. ఆ రోజుల్లో జనం ఎక్కువగా జారిపడింది ఇక్కడే. నెగెటివ్ చూపించి సోమవారం పిల్లను గేటు దగ్గర దింపినవాళ్లను వెనక్కి పంపారు.

మా కష్టం పెద్దదేమీ కాదు, నాకు జీతం ఆగలేదు. మా వీధి చివర ఒక తెలుగు అక్క ఉంటుంది, వృద్ధుల సంరక్షణ గృహంలో పని, గంటల లెక్కన కూలి. 2020 నవంబరులో వాళ్ల బాబు బబుల్ పగిలింది. అప్పటికి గడువు పది కాదు, పద్నాలుగు రోజులు. డిసెంబరు 14న కదా పదికి తగ్గించింది. ఇంట్లో ఉండమన్నవాళ్లలో తక్కువ ఆదాయం వారికి 500 పౌండ్ల సాయం ఉందని విని పెట్టుకుంటే రాదన్నారు. ఎందుకంటే ఇంట్లో ఉండమన్నది బాబును, ఆమెను కాదు. ఏడేళ్లవాడిని ఇంట్లో ఒక్కడినే వదిలి పనికి వెళ్లమనా? తల్లిదండ్రులకూ ఆ సాయం వర్తింపజేసింది 2021 మార్చి 8 నుంచి. నా మటుకు నాకు ఈ నియమాల్లో వైద్యం కన్నా ఇదే పెద్ద లోపం. నియమం పిల్లవాడి పేరు మీద, ఖర్చు తల్లి మీద.

మా వాడి గడువు ముగిసిన వారానికి, జూలై 15న, ఇంగ్లండ్‌లో కోవిడ్ కారణంగా బడికి రాని పిల్లలు పది లక్షలు దాటారు. వాళ్లలో ఎక్కువమంది మా వాడిలాంటి వాళ్లే, జబ్బు లేదు, జబ్బున్నవాళ్ల పక్కన కూర్చున్నారు. ఇంటికి పంపే బదులు రోజూ పరీక్ష చేస్తే ఎలా ఉంటుందని అప్పటికే సుమారు 200 హైస్కూళ్లు, కాలేజీల్లో చూశారు. అలా కలిసినవాళ్లలో చివరికి కోవిడ్ తేలింది వందకు ఇద్దరికన్నా తక్కువమందికి. జూలై 19న బబుల్స్ ఎత్తేశారు. ఆగస్టు 16 నుంచి పద్దెనిమిదిన్నరేళ్ల లోపువాళ్లు కలిసినంత మాత్రాన ఇంట్లో ఉండనక్కర్లేదన్నారు. 2022 ఫిబ్రవరి 24న కోవిడ్ ఉన్నవాళ్లకు కూడా ఇంట్లో ఉండి తీరాలన్న చట్టం పోయింది, ఏప్రిల్ నుంచి ఉచిత పరీక్షలూ పోయాయి. మీకు చెప్పినవాళ్ల పది రోజులు ఇక్కడితో ముగిశాయి.

ఇప్పుడు మీరు చూడాల్సింది బాబును, తరగతిని కాదు. ముక్కు కారడం, గొంతు కాస్త గరగర, చిన్న దగ్గు ఉండి, తింటూ ఆడుతూ ఉంటే బడికి పంపవచ్చు. 38 దాటి జ్వరం ఉండి నీరసంగా పడుకుంటే జ్వరం తగ్గేదాకా ఇంట్లో ఉంచండి. ఉదయమే బడికి ఫోను చేసి జబ్బు అని చెప్పండి, అది అనుమతి ఉన్న సెలవే. పరీక్ష చేయించడం తప్పనిసరి కాదు. మందుల షాపులో కొని మీరే చేసి పాజిటివ్ వస్తే, పిల్లలకు సూచన మూడు రోజులు. పరీక్ష చేసిన రోజు లెక్కలోకి రాదు, మర్నాటి నుంచి మూడు. మళ్లీ ఆ సున్నా అన్నమాట. ఇంట్లో పెద్దవాళ్లు గానీ, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్లు గానీ ఉంటే ఆ సంగతి విడిగా మీ జీపీని, అంటే మీ పేరు నమోదైన డాక్టరును అడగండి, నా మాట మీద ఆగవద్దు. ఊపిరి ఇబ్బంది పడుతున్నట్టు అనిపిస్తే వైద్య సలహా ఇచ్చే 111కు ఫోను చేయండి. పరిస్థితి మరీ విషమంగా ఉంటే నేరుగా అత్యవసర నంబరు 999.

పోటీల సంగతి చెప్పలేదు కదూ. ఆ శుక్రవారం తల్లిదండ్రులను లోపలికి రానివ్వలేదు. సాయంత్రం గేటు దగ్గర అడిగితే నాలుగోవాడిగా వచ్చానన్నాడు. ఎంతమంది పరుగెత్తారని అడిగాను. ఐదుగురట, ఒకడు మధ్యలో కూర్చుండిపోయాడట.