పర్చూరు దాకా గుంటూరు ఛానల్

ప్రశ్న: గుంటూరు ఛానల్‌ను పర్చూరు వరకు పొడిగించాలని మా ప్రాంతంవారు ఏళ్లుగా అడుగుతున్నారు. ఈ పని పూర్తికావడానికి మా మద్దతు ఏమేరకు ఉపకరిస్తుంది?
– ఒక పాఠకురాలు, పెదనందిపాడు

జవాబు: ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణ నీటిని అందుకునే ఈ ఛానల్ మీ నల్లరేగడి పొలాల దాకా రాకపోవడం, తాగునీటి చెరువులు నింపుకోవడానికి సైతం మీరు ఎదురుచూడవలసి రావడం నిజంగా బాధాకరం. ఇటువంటి పనుల్లో తవ్వకం కంటే భూసేకరణే కష్టం. 2013 నాటి చట్టం ప్రకారం ప్రాథమిక ప్రకటన వెలువడిన 60 రోజుల్లోగా అభ్యంతరాలు తెలపవచ్చు. కనుక రైతులు సర్వే నంబర్లు, హద్దులు, వారసత్వ పత్రాలు ముందుగానే సరిచూసుకొని, న్యాయమైన పరిహారాన్ని కోరుతూనే తమ సమ్మతిని గ్రామసభ తీర్మానంగా రాయించి కలెక్టరుకు అందజేస్తే, జాప్యానికి ఒక పెద్ద కారణం తొలగిపోతుంది. 1921–22లో పన్నుల నిరాకరణకు ఒక్కటై నిలిచిన ఊళ్లు మీవి. పరిపాలనా అనుమతితోపాటు బడ్జెట్‌లో నిధుల కేటాయింపు ఉన్నదీ లేనిదీ ఏటా అడిగి తెలుసుకోండి.