వాల్టా ఉన్నా బోర్లు ఎందుకు ఎండుతున్నాయి? బోరు నీళ్లకూ తైబందీ కావాలి

ప్రశ్న: నీళ్లు, ఇసుక, చెట్లను కాపాడటానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) లాంటి చట్టాలు ఉన్నా క్షేత్రంలో ఏమీ మారలేదు కదా, ఇప్పుడు దేశం మొత్తానికి కొత్త చట్టం తెస్తే ఉపయోగం ఉంటుందా? మీ అనుభవం చెప్పండి.

ఉపయోగం ఉంటుంది. కాకపోతే ఆ చట్టం దేన్ని కొలవాలో ముందు తేల్చుకోవాలి. ఇసుక, అడవి గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు, వాళ్లు రాస్తారు. నేను నీళ్ల గురించే చెబుతాను, ఎందుకంటే మా ఇల్లు మునిగింది నీళ్లు లేకనే.

మాది నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు ఒక చిన్న ఊరు. మూడెకరాల బత్తాయి తోట ఉండేది. చిన్నప్పుడు మా మోటబావి లోతు 42 అడుగులు, మెట్లు దిగి ఈత కొట్టేవాళ్లం. 1994లో మొదటి బోరు వేశాం, 180 అడుగులకు రెండించుల నీళ్లు పడ్డాయి, ఊరంతా చూడటానికి వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకో బోరు, ప్రతిసారీ ముందటి దానికంటే లోతు. 2016 ఎండాకాలంలో వేసిన ఐదోది నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని తోటంతా తిరిగిన పెద్దమనిషి పాయింట్ పెట్టాడు. రాత్రి తొమ్మిదింటికి తమిళనాడు బోరు బండి వచ్చింది. నేను ఒక కట్టె మీద గీతలు గీస్తూ రాడ్లు లెక్కపెట్టాను, రాడ్డుకు 20 అడుగులు. పదిహేను రాడ్ల దాకా నాయిన నిలబడే ఉన్నాడు. పాతిక రాడ్ల తర్వాత గట్టు మీద కూర్చున్నాడు. ముప్పై ఆరో రాడ్డు దిగాక కూడా బూడిద రంగు దుమ్మే లేచింది, తడి అన్న మాటే లేదు. బత్తాయి ఆకుల మీద ఆ దుమ్ము మందంగా పరుచుకుని తెల్లారేసరికి తోట మొత్తం తెల్లగా కనిపించింది. 720 అడుగులు, 70 వేలు పైన ఖర్చు, ఒక్క చుక్క లేదు. ఆ ఏడాదే చెట్లు కొట్టేశాం.

ఆ రాత్రి పర్మిషన్ ఉందా అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే, అంతకుముందు వేసిన బోరుకు మేం అప్లికేషన్ పెట్టుకున్నాం కూడా, సర్వేకు రావాల్సినవాళ్లు నెలలు గడిచినా రాలేదు, చెట్లు అంతకాలం ఆగవు కదా. చివరికి అందరిలాగే వేసేశాం.

ఇప్పుడు చట్టం సంగతి. వాల్టా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చింది, తెలంగాణ వచ్చాక మనమూ దాన్నే కొనసాగించుకున్నాం. అంతకుముందు 1996లో తాగునీటి కోసం వచ్చిన భూగర్భ జలాల చట్టం ఉండేది, దాన్ని ఇందులో కలిపేశారు. బావులు రిజిస్టర్ చేసుకోవాలి, కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి, బోరు బండ్లు కూడా రిజిస్టర్ కావాలి, ప్రజల తాగునీటి బావికి 250 మీటర్లలోపు ఇంకో బోరు వేయకూడదు, నీళ్లు మరీ ఎక్కువగా తోడేసిన ఊళ్లలో కొత్త బోర్లు ఆపొచ్చు. చదివితే మంచి చట్టమే, 2002 నాటికి ఇంత విస్తారంగా ఆలోచించినవి దేశంలో చాలా తక్కువ. కానీ చదువుతూ పోతే ఒక విషయం అర్థమవుతుంది. ఇది బోరును చూస్తుంది. ఆ బోరులోంచి ఎన్ని నీళ్లు వస్తున్నాయి, ఏ పంటకు పోతున్నాయి, కింద ఇంకెన్ని మిగిలాయి అన్నది రోజువారీగా ఎవరి లెక్కలోనూ ఉండదు. పాత బోరు ఉన్న రైతు నాలుగెకరాల వరి వేసినా అడిగేవాడు లేడు, ఒక్క బోరూ లేని చిన్న రైతు కొద్దిపాటి పారకానికి బోరు వేసుకుందామన్నా కాగితం కావాలి. ముందు వచ్చినవాడికి హక్కు, వెనక వచ్చినవాడికి రూలు అన్నట్టయింది.

దీనికి వేరు ఇంకా లోతుగా ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం తన భూమి కింద ఉన్న నీళ్లు, అవి ఒక నిర్దిష్టమైన కాలువలా పారనంత వరకు, తోడుకుని వాడుకునే హక్కు ఆ భూమి యజమానికి ఉంది. తెల్లదొరల కాలం నాటి ఆ ఆలోచన ఇప్పటికీ మన తలల్లో నడుస్తోంది, నా భూమి, నా బోరు, నా నీళ్లు. 2009లో మేం నాలుగో బోరు వేసినప్పుడు ఇంచున్నర నీళ్లు పడ్డాయి, సంబరపడ్డాం. పదిహేను రోజులకు 60 గజాల దూరంలో ఉన్న మా చిన్నాయన బోరు ఆగి ఆగి పోయడం మొదలైంది. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మా అమ్మతో మాత్రం "వదినా, నీళ్లు మీ దిక్కు వచ్చినయి" అన్నాడట. అది విన్నప్పటి నుంచి నాకు ఆ హక్కు అనే మాట మీద నమ్మకం పోయింది. చట్టం ప్రకారం మేం తప్పు చేయలేదు, కానీ ఆ నీళ్లు మావి అని ఇప్పటికీ అనలేను.

మా దగ్గర కింద ఉన్నది నల్లరాయి, గ్రానైట్. నీళ్లు నిలిచేది పైన మెత్తబడిన పొరలోనూ, దాని కింద పగుళ్లలోనూ. ఆ పొర దాటాక పగులు తగిలితే అదృష్టం, తగలకపోతే దుమ్ము. పైగా రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కలుస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు వంకర కాళ్లతో ఉన్న మనుషుల్ని చూసి పెరిగినవాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు. తాగునీటి పథకం మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో పెట్టింది ఊరికే కాదు. తాగునీటికి కృష్ణా నీళ్లు వచ్చాయి సరే, పంటకు మాత్రం మనం తోడేది ఇంకా ఆ రాతి నీళ్లే.

మరి చట్టం ఎలా ఉండాలంటారా? మన చెరువుల్నే చూడండి. యాసంగికి ముందు చెరువులో ఎన్ని నీళ్లు ఉన్నాయో చూసి, ఈసారి ఇన్ని ఎకరాలకే నీళ్లు వదులుతాం అని ఆయకట్టు రైతులతో మాట్లాడి తేల్చేవాళ్లు. దానికే తైబందీ అని పేరు. తూము నీరటి, అంటే చెరువు నీళ్లు వదిలే మనిషి చేతిలో ఉండేది. నీళ్లు తక్కువైన ఏడాది అందరూ తలా కొంత నాటుకునేవాళ్లు, ఒకడు మొత్తం నాటుకుని ఇంకొకడు ఎండబెట్టుకోవడం ఉండేది కాదు. అది కూడా చట్టమే, మనవాళ్లకు అలవాటైన చట్టం. చెరువు పైకి కనిపిస్తుంది కాబట్టి తైబందీ ఉంది. భూమి కింది నీళ్లు కనిపించవు కాబట్టి లేదు. నా అభిప్రాయం మొత్తం ఇదే: బోరు నీళ్లకూ తైబందీ పెట్టే అధికారం చట్టం ద్వారా ఊరికి ఇవ్వాలి.

కనిపించని నీళ్లను ఎట్లా కొలుస్తారు అని అడుగుతారేమో. మేం కొలిచాం. 2000ల మధ్యలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో ఏపీఫామ్స్ అనే ప్రాజెక్టు ఏడు కరువు జిల్లాల్లో నడిచింది, అందులో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. భూగర్భ జలాలను రైతులే చూసుకోవాలన్నది దాని ఉద్దేశం. నేనప్పుడు డిగ్రీ ఫెయిలై ఊళ్లోనే ఉన్నాను, నీటిమట్టం కొలిచే పని నాకూ, ఇంకో అక్కకూ అప్పజెప్పారు. పదిహేను రోజులకోసారి బోరులోకి తీగ వదిలేవాళ్లం, నీళ్లు తగలగానే పైన బీప్ అని మోగేది, ఎన్ని మీటర్ల దగ్గర మోగిందో పుస్తకంలో రాసేవాళ్లం. బోరు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లకు నిండుతుందో చూసేవాళ్లం. వాన కొలిచే డబ్బా ఒకటి ఉండేది, అది అక్క చూసుకునేది. యాసంగికి ముందు అందరం కూర్చుని ఈ వానకు కిందికి ఎన్ని నీళ్లు దిగి ఉంటాయి, అందరూ వేద్దామనుకున్న పంటలకు ఎన్ని కావాలి అని లెక్క కట్టి గోడ మీద రాశాం. మొదటి ఏడాది లెక్కలో లోటు కనిపించింది. ఎవరూ ఎవరినీ బలవంతం చేయలేదు, చేసే అధికారమూ ఎవరికీ లేదు, అయినా వరి వేద్దామనుకున్న పదకొండు మందిలో నలుగురు మానుకుని పల్లి, కూరగాయలు వేశారు. తన నీళ్లు తనకు అంకెల్లో కనిపిస్తే రైతు ఆలోచిస్తాడు, ఇది నా కళ్లతో చూసిందే.

ప్రాజెక్టు అయిపోయింది. రెండేళ్లకు ఆ గోడకు ఎవరో సున్నం వేశారు. పుస్తకం మా ఇంట్లోనే ఉంది. ఆ తర్వాత 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది, రైతుకు అది పెద్ద ఊరట, కాదనను. కానీ ఆటో స్టార్టర్లు పెట్టి వదిలేస్తే మోటారు రాత్రంతా నడుస్తుంది, మడి నిండిందా లేదా చూసేవాళ్లుండరు. ఊరు కూర్చుని ఒప్పుకున్న లెక్కకు చట్టం బలం లేకపోతే ఇట్లాగే కరిగిపోతుంది.

వేరే చోట్ల చేసిందీ చూడాలి. పంజాబ్ 2009లో ఒక చట్టం చేసింది, జూన్ 10కి ముందు వరి నాటు వేయకూడదని. తేదీ ఒక్కటే చూడాలి కాబట్టి అమలు తేలిక, దాటినవాళ్లకు హెక్టారుకు నెలకు 10 వేల జరిమానా. మండు వేసవిలో ఆవిరైపోయే నీళ్లు మిగిలాయి. కానీ నాట్లు వెనక్కి జరిగితే కోతలూ వెనక్కి జరుగుతాయి, గోధుమకు టైం తక్కువై గడ్డి తగలబెట్టడం ఇంకా పెరిగిందని అంటున్నారు, వరి విస్తీర్ణం మాత్రం తగ్గలేదు. మహారాష్ట్రలో హివ్రే బజార్ అనే ఊరు ఇంకో దారి పట్టింది. ఏటా ఊరంతా కూర్చుని నీటి బడ్జెట్ వేస్తారు, సాగుకు బోర్లు వేయొద్దని వాళ్లకు వాళ్లే కట్టుబాటు పెట్టుకున్నారు. పంజాబ్ దారిలో చట్టం ఉంది, ఊరి లెక్క లేదు. హివ్రే బజార్‌లో ఊరి లెక్క ఉంది, కానీ అలాంటి నాయకత్వం ప్రతి ఊళ్లో దొరకదు. కేంద్రం 1970లోనే భూగర్భ జలాల మోడల్ బిల్లు రాష్ట్రాలకు పంపింది, 1992, 1996, 2005లో దాన్ని మార్చింది కూడా. నీళ్లు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి, కాబట్టి ఢిల్లీలో ఒక్క చట్టం చేసేస్తే అయిపోతుందనుకోవడం కష్టం, చివరికి అసెంబ్లీలోనే కదలాలి.

నన్ను అడిగితే వాల్టాను సవరిస్తే చాలు. భూగర్భ జలం ఉమ్మడి ఆస్తి అని స్పష్టంగా రాయాలి, గ్రామసభ యాసంగికి ముందు వేసే లెక్కకు చట్టబద్ధత ఇవ్వాలి, దాన్ని మీరి వరి వేస్తే ఏం చేయాలో కూడా ఊరే తేల్చాలి. వీటితోపాటు చిన్న రైతు తాగునీటికి, ఒక ఎకరం ఆరుతడి పంటకు సరిపడా నీళ్లను ఎవరూ ముట్టుకోకుండా ముందే పక్కన పెట్టాలి. ఈ చివరిది నాకు అన్నిటికంటే ముఖ్యం. చిన్నాయన లాంటివాళ్ల పేరు మీద కొన్ని నీళ్లు కాగితం మీదైనా ఉండాలి.

మీ ఊళ్లో మొదలుపెట్టాలంటే చట్టం కోసం ఆగక్కర్లేదు. వాడకంలో లేని ఒక పాత బోరు చూసుకోండి, నూలు తాడుకు మీటరు మీటరుకు ముడి వేసి చివర బరువు కట్టి నెలకోసారి వదలండి, తడిసిన ముడి దాకా లెక్కపెట్టి తేదీతో రాసిపెట్టండి. కొలవడానికి వెళ్లిన రోజు చుట్టుపక్కల మోటార్లు కొన్ని గంటలు ఆగి ఉండేలా చూసుకోండి, లేకపోతే మట్టం తప్పు చూపిస్తుంది. ఆ బోరు మూతి తెరిచి వదలకండి, చిన్న పిల్లలు తిరిగే చోటైతే మరీ, కొలవగానే మూత బిగించండి. ఏడాది రాస్తే చాలు, యాసంగి ముందు ఆ పుస్తకం తీసుకుని గ్రామసభకు వెళ్లండి. ఎట్లా చదవాలో తెలియకపోతే ఇక్కడే ఆ అంకెలు పెట్టండి, నేను చూసి చెబుతాను.