రెండు పల్లెల చర్చీలు కలిసి ఆరాధన చేస్తే దూరం తగ్గుతుందా?

మాలపల్లిలో ఒక చర్చి, మాదిగపల్లిలో ఒక చర్చి ఉన్నాయి, యునైటెడ్ క్రిస్మస్ పెడితే రెండూ దగ్గరవుతాయా అని అడిగారు. మాదీ అలాంటి ఊరే, ప్రకాశం జిల్లా. నేను మాలపల్లి వాణ్ణి.

యునైటెడ్ క్రిస్మస్ వల్ల మా దగ్గర ఒరిగిందేమీ లేదు. స్టేజీ, కేకు, నాయకులకు శాలువాలు, బిర్యానీ. ఎవరి పల్లె వాళ్ళు ఒక పక్కన కూర్చుని తినేసి వెళ్ళిపోయేవాళ్ళు.

అసలు సంగతి శుభ శుక్రవారం కలిపి పెట్టినప్పుడు బయటపడింది. సిలువ మీద యేసు పలికిన మాటలు ఏడు కదా, ఒక్కో మాట మీద ఒక్కో ప్రసంగం. ఎవరికి నాలుగు, ఎవరికి మూడు? పెద్దలు రెండు రోజులు దీని మీదే కూర్చున్నారు. చివరికి ఏడో మాట పొరుగూరి పాస్టరు గారికిచ్చి చెరి మూడూ పంచుకున్నాం. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ప్రభువు బల్ల దగ్గర, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే చోట, ఇంకా ఘోరం. మాకు ఎప్పుడూ అందరూ తాగేది ఒకే పాత్రలో. ఆ రోజు మాత్రం మా పెద్దాయన ఒకరు చిన్న ప్లాస్టిక్ కప్పులు తెప్పించాడు. శుభ్రత కోసమట! ఎందుకో అందరికీ తెలుసు. నేనూ నోరెత్తలేదు.

మన వైపు మిషన్ల కాలంలో ఒక్కొక్కరుగా కాదు, పల్లెలకు పల్లెలే సంఘంలో చేరాయి. చర్చీలూ ఆ పల్లెల్లోనే లేచాయి. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్ళు కలిసి సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయ్యారు. అంతంత తేడాలు తీరాయి గానీ రెండు పల్లెల మధ్య ఉన్న రోడ్డు మాత్రం అలాగే ఉంది. 1994లో మా జిల్లా ఈదుమూడిలోనే మాదిగ దండోరా ఉద్యమం మొదలయ్యాక వర్గీకరణ, అంటే ఎస్సీ రిజర్వేషన్లను కులాల వారీగా పంచడం, ఆ మాటెత్తితే చాలు, చర్చి మెట్ల మీద కూడా టెన్షనే.

కాస్త మార్పు వచ్చింది సమాధుల దొడ్డిలో. దొడ్డి ఒకటే, మధ్యలో చిల్లకంప. అటు వాళ్ళవి, ఇటు మావి. ఒక ఏడాది ఈస్టర్ ముందు శనివారం కుర్రాళ్ళు చందాలేసుకుని జేసీబీ పిలిచారు. గంటకింత అని అద్దె కాబట్టి ఒక్క పల్లె వల్ల కాలేదు, రెండూ కలవాల్సి వచ్చింది. కంప తీశాక దాని కింద ఒక పాత సమాధి కనిపించింది. వాళ్ళ పల్లె బైబిలు స్త్రీది, అంటే ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే ఆవిడది. మా నాయనమ్మకు అక్షరాలు నేర్పింది ఆవిడేనట. మా మేనత్త అప్పటికే సున్నం బకెట్టుతో వచ్చి ఉంది. ఎవరినీ అడక్కుండా కూర్చుని ఆ సమాధికి వెల్ల వేసింది. మర్నాడు తెల్లవారుజామున కొవ్వొత్తులు అటూ ఇటూ వెలిగించారు.

తర్వాతి శుభ శుక్రవారానికి కప్పుల మాట ఎవరూ ఎత్తలేదు.

అలాగని అంతా బాగైపోయిందని చెప్పను. పెళ్ళి సంబంధాల దగ్గర ఇప్పటికీ రెండు పల్లెలూ మౌనమే. మీరు మొదలుపెట్టాలనుకుంటే మాత్రం డిసెంబరు దాకా ఆగకండి, స్టేజీ కట్టకండి. రెండు పల్లెలకూ అవసరమైన పని ఏదుందో ముందు చూడండి.